ఎడమ వరుసలో నా ఫొటో

బెడోక్‌లో మా బ్లాకుకి దగ్గర్లోనే ఒక హాలుంది. పెళ్ళిరోజులూ పుట్టినరోజులూ పూజలూ అన్నీ అక్కడే జరుగుతాయి. నేను మాత్రం కొన్నేళ్ళుగా దాని ఛాయలకి కూడా పోవడం లేదు. ఎవరైనా అక్కడికి రమ్మని పిలిస్తే జ్వరమని చెబుతాను. మనిషన్నాక పరువు పోవడం మామూలే. కానీ పరువూ ప్రాణమూ ఒకే సాయంత్రం పోగొట్టుకుని, అందులో ప్రాణం మాత్రం తిరిగి తెచ్చుకున్నవాణ్ణి ఈ సింగపూర్ మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ముందు మా తోడల్లుడు ఫణి సంగతి చెప్పాలి. అతను నా భార్య లలిత చెల్లెలి భర్త. అంటే నేను పెద్దల్లుణ్ణి, అతను చిన్నల్లుడు. ఈ వరుస మీరైనా గుర్తుపెట్టుకోండి, మా అత్తగారు ఏనాడో మరిచిపోయారు. ఫణీ నేనూ ఇంగ్లండులో ఒకే యూనివర్సిటీలో చదివాం. దాని పేరు చెప్పను, చెబితే వాళ్ళు నా డిగ్రీ వెనక్కి ఇచ్చెయ్యమనవచ్చు. నేను అక్కడ ఏడాదిపాటు చలికి వణికి, ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకుని, సైన్స్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. నా తర్వాత అదే కోర్సులో చేరినవాడు ఫణి. "మా యూనివర్సిటీ కుర్రాడండీ, బుద్ధిమంతుడు, కళ్ళు మూసుకుని పిల్లనివ్వచ్చు" అని మా అత్తగారికి చెప్పి ఆ సంబంధం కుదిర్చింది కూడా నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఎవరికైనా సందేహముంటే నన్ను అడగండి, నెత్తి చూపిస్తాను. ఇప్పుడక్కడ జుట్టు కూడా లేదు.

ఫణి ఎమ్మెస్సీతో ఆగలేదు. అక్కడే పీహెచ్‌డీ చేశాడు. అక్కడే కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. బ్యాంకుల్లో దొంగ లావాదేవీల్ని పట్టేసే పద్ధతేదో కనిపెట్టాడు. అప్పుడు రాఫెల్స్ ప్లేస్‌లో ఒక పెద్ద బ్యాంకు అతన్ని పిలిచి కుర్చీ వేసింది. ఇంతవరకూ ఓర్చుకున్నాను. కానీ ఒకరోజు మా యూనివర్సిటీ వెబ్‌సైటులో 'మన ప్రముఖులు' అనే పేజీ పెట్టారు. పైన పూర్వ విద్యార్థులు, కింద అధ్యాపకులు. నక్షత్రాల వయసు చెప్పిన శాస్త్రవేత్త, ఉరిశిక్షలు రద్దుచేసిన జడ్జి, వంతెనలు కట్టిన మహాతల్లి, అందరూ ఉన్నారు. వాళ్ళ మధ్య ఫణి. అదీ పైన ఒకసారి, కింద ఒకసారి. ఒక మనిషికి ఒక చోటు చాలదటండీ? తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో ఒక కుర్చీలో తను కూర్చుని, పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి 'చోప్', అంటే ఇదీ నాదేనని, చేసుకున్నట్టు!

సరిగ్గా అప్పుడే మా అత్తగారు కాకినాడ నుంచి కూతుళ్ళని చూడటానికి వచ్చారు. ఆ పేజీ ఆవిడకి ఎవరు చూపించారో నాకు తెలియదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా కాకినాడలో చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా చిన్నల్లుడుగారి పేరు తెల్లవాళ్ళు రెండుసార్లు రాసుకున్నారని చెప్పారు. అవతలి వాళ్ళెవరో మరి పెద్దల్లుడో అని అడిగినట్టున్నారు. ఆవిడ కాస్త ఆలోచించి, "ఆయన కూడా మంచివారే" అన్నారు. ఆ 'కూడా' నా గుండెల్లో మేకులా దిగింది.

ఆ ఆదివారం అందరం ఫణి వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాం. కందిపొడి, వేడన్నం. అత్తగారు నేతి గిన్నె పట్టుకుని వచ్చారు. పదేళ్ళుగా ఆ గరిట మొదట నా కంచం మీదే వంగేది. ఆ రోజు నన్ను దాటి నేరుగా ఫణి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను అన్నంలో గుంట చేసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎవరి కంచంలో నెయ్యి వాళ్ళు తింటే అరుగుతుందంటారు. నాకు మాత్రం తోడల్లుడి కంచంలో నెయ్యి రాత్రంతా అరగలేదు.

ఇలా ఉండగా మా యూనివర్సిటీ సింగపూర్ శాఖవాళ్ళు ఒక సభ పెట్టారు. మా ఇద్దరికీ పాఠాలు చెప్పిన ప్రొఫెసరుగారు, ఆయన కూడా ఆ పేజీలో ఉన్న మహానుభావుడే, రిటైరై దేశాలు తిరుగుతూ ఇక్కడికి వస్తున్నారు. సభ నడిపేది సరస్వతి ఆంటీ. ఆవిడ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. మా యూనివర్సిటీలో మాకంటే ఎంతో ముందు చదివింది. హాలు గోడకి మన ప్రముఖుల ఫొటోలు పెడదామని ఆవిడ అనగానే, ఆ పని నాకప్పగించండి అని నేను ముందుకి దూకాను.

ఎందుకు దూకానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అవును. గోడ నా చేతిలో ఉంటే గోడ మీద నేనూ ఉంటాను. మా అత్తగారు సభకి వస్తున్నారు. ఆవిడ ఒక్కసారి నన్ను ఆ మహానుభావుల సరసన చూస్తే చాలు, ఆ నేతి గరిట దారి తప్పిన ఆవులా తన ఇంటికి తాను తిరిగొస్తుంది.

ఆంటీ నాకు ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది. "మూర్తీ, గోడ పని నీది, మకాన్ పని నాది, తిండి సంగతంతా నేను చూస్తా. పోయినోళ్ళ పటాలకి మాల వేసి దీపం పెట్టించు. ఉన్నోళ్ళకి వద్దు. ఈ మాట మరవకయ్యా."

"అంత తెలియదా ఆంటీ?" అన్నాను.

సభ రోజు మధ్యాహ్నమే హాలుకి వెళ్ళాను. గోడకి మేకులు ముందే కొట్టి ఉన్నాయి. ఎడమవైపు పోయిన పెద్దల్ని వరుసగా పెట్టాను. కుడివైపు బతికున్నవాళ్ళని పెట్టాను. ఆ వరుసలో మొదట ఫణి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. చిత్రంగా కుడి వరుస చివర ఒక మేకు ఖాళీగా మిగిలింది. దేవుడున్నాడనుకుని, సంచిలోంచి నా ఫొటో తీశాను. అది ఇప్పటి ఫొటో కాదు. ఫణికి ఇంకా ఒత్తుగా జుట్టుంది కాబట్టి, నాకూ జుట్టున్న రోజుల నాటి ఫొటో ఫ్రేము కట్టించాను. కింద నా పూర్తి పేరు, వెంకట సూర్యనారాయణ మూర్తి అని, బంగారు అక్షరాల్లో.

హాలు చూసుకునే లిమ్ అంకుల్‌ని పిలిచి, లిటిల్ ఇండియా నుంచి తెచ్చిన చామంతి దండలు ఫ్రిజ్‌లో పెట్టించాను. సభకి కాస్త ముందు ఎడమ వరుస మొత్తానికి దండలు వేసి దీపాలు పెట్టాలనీ, కుడి వరుస జోలికి పోకూడదనీ రెండుసార్లు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "లెఫ్ట్ ఆల్ ఫ్లవర్, రైట్ నో ఫ్లవర్. కెన్ లా" అన్నాడు. నిజంగా నిక్కమైన మనిషి. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. నా కొంప ముంచింది ఆ గుణమే.

ఇక వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. చూడకుండా ఉన్నా బాగుండేది. ఫణి ఫొటో గోడ మధ్యలో, లైటు కింద ధగధగలాడుతోంది. నాది ఆ చివర, ఫ్యాను స్విచ్చులకీ మంటలార్పే ఎర్ర సిలిండరుకీ మధ్య. ముందుగా దాన్ని చూసినవాడెవడైనా, ఆ సిలిండరు వాడే విధానం చూపించే మనిషనుకుంటాడు. కడుపు రగిలిపోయింది. ఎడమ వరుసలో మాత్రం నక్షత్రాలాయనకీ జడ్జిగారికీ నడుమ బోలెడు జాగా, అక్కడొక మేకు కూడా ఉంది. లైటు తిన్నగా దాని మీదే పడుతోంది. ఇంకేం ఆలోచించలేదు. నా ఫొటో తీసుకెళ్ళి అక్కడ తగిలించాను. దూరం నుంచి చూసుకుంటే నా కళ్ళకే నేను నోరూరేలా ఉన్నాను. ఈల వేసుకుంటూ స్నానానికి ఇంటికి పోయాను.

మీకు అర్థమైపోయింది కదూ? నాకు మాత్రం కాలేదండీ. ఏడుపుగొట్టు మనిషికి కళ్ళుంటాయి గానీ చూపుండదు.

సాయంత్రం ప్రొఫెసరుగారిని రాఫెల్స్ ప్లేస్ దగ్గర హోటల్ నుంచి టాక్సీలో తీసుకొచ్చే పని కూడా నేనే మీదేసుకున్నాను. మా ఆవిడనీ మా అమ్మాయినీ అత్తగారినీ ఫణి తన కారులో తీసుకొస్తానన్నాడు. సింగపూర్‌లో కారున్న తోడల్లుడు ఉండటమనే కష్టం గురించి వేరే పుస్తకం రాయొచ్చు. బయట కుండపోతగా వాన. టాక్సీ నత్తలా పోతోంది. నాకదే కావాలి. నేను ఆయన విద్యార్థిననీ నా పేరు మూర్తనీ వినయంగా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, క్షమించమనీ, తనకేమీ గుర్తు రావడం లేదనీ అన్నారు. కాసేపాగి మళ్ళీ చెప్పాను. మళ్ళీ క్షమించమన్నారు. మూడోసారి నా ప్రాజెక్టు పేరుతో సహా చెప్పాను. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. నా గుండె కూడా వెలిగింది.

"ఆ బ్యాచుల్లోనే ఫణి అని ఒక అద్భుతమైన కుర్రాడుండేవాడు. అతను మీకు తెలుసా?" అన్నారు.

తెలుసన్నాను. బెడోక్ వచ్చేదాకా ఫణి గురించే మాట్లాడారు. నేను మీటరు మీద అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

హాలు ముందు గొడుగు పట్టుకుని సరస్వతి ఆంటీ ఎదురొచ్చింది. ఆయన్ని లోపలికి నడిపిస్తూ, మా ఆచారం ప్రకారం దండలున్న ఫొటోలు కాలం చేసినవాళ్ళవనీ, ముందు వాళ్ళని నాలుగు మాటల్లో తలుచుకుని ఒక నిమిషం మౌనం పాటిద్దామనీ చెప్పింది. చెప్పి, ఇడ్డెన్లు చల్లారిపోతున్నాయని వంటవాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. అప్పటికి ఆవిడ గోడ వైపు కన్నెత్తి చూడలేదు. నేను గొడుగు మడిచి, తల తుడుచుకుని లోపలికి వెళ్ళేసరికి హాలు నిండిపోయింది. వెనక వరుసలో ఒక కుర్చీ దొరికింది.

ప్రొఫెసరుగారు గోడ వెంట ఒక్కొక్క ఫొటో దగ్గర ఆగుతూ మైకులో మాట్లాడుతున్నారు. నక్షత్రాలాయన దగ్గర ఆగారు. తర్వాత పక్క ఫొటో దగ్గర ఆగారు. కళ్ళజోడు సర్దుకుని కింద పేరు కూడబలుక్కుని చదివారు.

"వెంకట సూర్యనారాయణ మూర్తి."

తల పైకెత్తాను. చామంతి దండలో నేను. ముందు దీపం. లిమ్ అంకుల్ ఒక అగరొత్తి కూడా వెలిగించాడు, అది ఆయన సొంత మర్యాద.

"ఈ యువకుడు నాకు చాలా బాగా గుర్తు" అన్నారు ప్రొఫెసరుగారు, గొంతు తగ్గించి. "తక్కువ మాట్లాడేవాడు. కానీ ఆ కళ్ళలో ఒక వెలుగుండేది. ఇంత చిన్న వయసులో పోయాడంటే నమ్మలేకపోతున్నాను. బతికుంటే ఈపాటికి ఏమేమి అందుకునేవాడో."

బతికుండి ఏమందుకుంటున్నానో నాకు తెలుసు. పొద్దున్నే సైన్స్ పార్క్ బస్సు, అదీ పరిగెత్తి.

అప్పుడు నేను లేవాలి. లేచి, అయ్యా నేను పోలేదు, ఇక్కడే వెనక కూర్చున్నాను అని చెప్పాలి. మంచివాడెవడైనా అదే చేస్తాడు. నేను చెయ్యలేదు. ఎందుకంటే ఆయన ఇంకా పొగుడుతున్నారు! నా నిజాయితీ గురించి, నా భవిష్యత్తు గురించి, నాలాంటివాణ్ణి పోగొట్టుకున్న ప్రపంచం గురించి. టాక్సీలో పక్కన కూర్చున్న నన్ను ఎరగని మనిషి, గోడ మీద దండలో ఉన్న నన్ను కన్నకొడుకులా ఎరుగును. ఏనుగు చచ్చినా వెయ్యి, బతికినా వెయ్యి అంటారు. నా ధర చచ్చాకే పలికింది. ఇన్నాళ్ళూ ఫణిని చూసి ఏడ్చినవాణ్ణి, ఆ క్షణంలో ఆ పోయిన మూర్తిని చూసి ఏడ్చాను. ఒట్టు, అంత అసూయ నేను ఫణి మీద కూడా పడలేదు.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "పాపం, పెళ్ళయిందో లేదో. మీకు తెలుసా ఆ అబ్బాయి?" అని అడిగారు.

"కొంచెం పరిచయం" అన్నాను.

అందర్నీ లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. తల వంచుకున్నాను. నా ఆత్మశాంతికి నేనే మౌనం పాటించాను. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుని, వానలో చిక్కుకుని ఆలస్యమైన మా వాళ్ళు లోపలికొచ్చారు. ముందు మా అత్తగారు. ఆవిడ గోడ వైపు చూశారు. ఆ ఫొటో ఎవరు గుర్తుపట్టకపోయినా ఆవిడ గుర్తుపడతారు. పెళ్ళిచూపులకి ముందు మా వాళ్ళు కాకినాడ పంపించింది అదే ఫొటో.

"లలితా, ఆయన మన పెద్దల్లుడుగారు కదే? దండేశారేమిటే?"

తలలన్నీ తిరిగాయి. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఒకసారి గోడనీ ఒకసారి వెనక వరుసలో నన్నూ చూసింది. "నాన్న డై ఆల్రెడీ ఆ? బట్ హీ స్టాండింగ్ దేర్, వాట్" అంది.

ఇక చెప్పేదేముంది? పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూశారు. ప్రొఫెసరుగారు మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా అత్తగారు మాత్రం ఒక్క క్షణం తడబడలేదు. నేరుగా వెళ్ళి నా ఫొటోకున్న దండ తీయించారు. వంటవాళ్ళ దగ్గర్నుంచి ఉప్పూ ఎండుమిరపకాయలూ తెప్పించారు. ముఖ్య అతిథి కోసం వేసిన పెద్ద కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, మా యూనివర్సిటీ మేధావులందరి ఎదుట నాకు దిష్టి తీయడం మొదలుపెట్టారు.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినవాళ్ళ దిష్టి, పోయినవాళ్ళ దిష్టి" అంటూ గుప్పిటతో నా చుట్టూ తిప్పారు. కళ్ళ నిండా నీళ్ళు. "ఎవడి ఏడుపో గానీ, పచ్చగా ఉన్న మనిషికి ఇంత పని చేసింది. వాడి కళ్ళు పేలిపోను" అన్నారు.

నా కళ్ళు అప్పుడే కాస్త మండాయి. మిరపకాయలే అయ్యుంటాయి.

ఇదేమిటని ప్రొఫెసరుగారు అడిగితే, ఒకరి మీద పడ్డ అసూయని తీసేసే పద్ధతని ఫణి వివరించాడు. ఎవరి అసూయ అని ఆయన మళ్ళీ అడిగారు. ఫణి ఒక్కసారి ఫొటోనీ, ఖాళీగా ఉన్న కుడి వరుస చివరి మేకునీ, నన్నూ చూశాడు. దొంగ లావాదేవీలు పట్టేవాడు కదండీ. క్షణంలో అంతా పట్టేశాడు. "ఇంట్లోవాళ్ళదే సర్, ప్రమాదమేమీ లేదు" అన్నాడు.

ఈ లోపల సరస్వతి ఆంటీ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. చేతిలో కాగితం చుట్టిన ఒక ఫ్రేము. "అయ్యో మూర్తీ, నీ పటం నువ్వే ఎందుకు పెట్టుకున్నావు? ఇదిగో నీ పటం. ఆ కడపటి మేకు నీకనే కదా కొట్టించా. పోయిన నెలే ఫణి తెచ్చిచ్చాడు" అంది.

కాగితం విప్పింది. నేనే. ఇప్పటి నేను, బట్టతలతో సహా. కింద ఒక వాక్యం: మన యూనివర్సిటీ నుంచి ఈ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ ఇల్లు వెతికిపెట్టినవాడు.

ఫణి తల వంచుకుని నా పక్కకొచ్చాడు. "మీకు ముందే చెబితే వద్దంటారని చెప్పలేదన్నయ్యా. నేను వచ్చినప్పుడు కూడా మీరే కదా ఫ్లాట్ చూసిపెట్టింది. అత్తయ్యగారు చూసి సంతోషిస్తారనుకున్నాను" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అంటే, ఆ సాయంత్రం రెండోసారి. నా కోసం కొట్టిన మేకు నాకు తక్కువనిపించి, నేనే వెళ్ళి పోయినవాళ్ళ వరుసలో చేరాను. తన గొయ్యి తను తవ్వుకునేవాణ్ణి చూశాం గానీ, తవ్వుకుని లైటు సరిగ్గా పడుతోందో లేదో చూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఫణి చెయ్యి పట్టుకున్నాను. అతను నా భుజం మీదున్న చామంతి రేకు తీసేశాడు.

కొత్త ఫొటోని సిలిండరు పక్కనున్న ఆ మేకుకే తగిలించారు. ఆ చోటు ఎంత బాగుందో అప్పుడు తెలిసింది. భోజనాలయ్యాక ప్రొఫెసరుగారు నా దగ్గరికొచ్చి, అది మీరేనని టాక్సీలో చెప్పి ఉండాల్సింది అన్నారు. మూడుసార్లు చెప్పానన్నాను. ఆయన నా బట్టతలని చూశారు. బల్ల మీద పడి ఉన్న ఆ జుట్టున్న ఫొటోని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఏమనుకోకండి. నాకు ఈ కుర్రాడే బాగా గుర్తు" అని దాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

అందుకని, చదివేవారందరి సాక్షిగా, ఉప్పూ ఎండుమిరపకాయల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఎవర్నీ చూసి ఏడవను. బతికున్నవాళ్ళని చూసీ ఏడవను, పోయినవాళ్ళని చూసీ ఏడవను, పోయి తిరిగొచ్చిన నన్ను చూసి అసలే ఏడవను. ఈ ఒట్టు ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను కూడా. మొన్న మా అత్తగారు మళ్ళీ వచ్చారు. చచ్చాడన్న మాట పుడితే ఆయుష్షు పెరుగుతుందని ఆవిడ నమ్మకం, అందుకే ఆ రోజు నుంచీ నెయ్యి మొదట నా కంచంలోనే. తర్వాత ఫణి కంచంలో గరిటెడు వేసి, ఇంకో అరగరిటె కూడా వేశారు. నేను చూడలేదు.